యాడ్ నుంచి ఫీచర్ నెరేషన్ దాకా: కొత్త దర్శకుడు ఏ పని తర్వాత ఏ పని చేయాలి

"డైరెక్టర్ అవ్వాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లకు మామూలుగా రెండు జవాబులు దొరుకుతాయి. హైదరాబాద్ కృష్ణానగర్‌లో రూమ్ తీసుకుని సినిమా ఆఫీసులు తిరగమని ఒకటి. ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీసి యూట్యూబ్‌లో పెట్టేయమని ఇంకొకటి. రెండూ తప్పని కాదు, కానీ తర్వాత ఏం చేయాలో ఆ రెండిట్లోనూ ఉండదు. ఇండస్ట్రీలో చుట్టాలెవరూ లేకుండా హైదరాబాద్‌లో పని వెతుక్కునేవాళ్లకు మొదటి యాడ్ నుంచి, నిర్మాతకు ఫీచర్ (పూర్తి నిడివి సినిమా) కథ నోటితో వినిపించే నెరేషన్ దాకా ఆ వరస చెప్పడమే ఇక్కడి పని.

యాడ్‌లు, కథలు పక్కపక్కనే నడపమంటాను. కొత్తవాడిని చూడగానే నిర్మాతకు వచ్చే అనుమానాలు రెండు: చెప్పిన డబ్బులో, చెప్పిన రోజుకి ముగిస్తాడా? ఆర్టిస్టుల దగ్గర నటన రాబట్టగలడా? మొదటిదానికి యాడ్ జవాబు, రెండోదానికి షార్ట్ ఫిల్మ్ జవాబు. ఒక్కటే చేసినవాడు సగం జవాబుతో ఆఫీసు మెట్లెక్కుతాడు.

## 1. ఏడీగా (అసిస్టెంట్ డైరెక్టర్‌గా) చేయాలా, వద్దా?

తప్పనిసరి కాదు. కానీ సెట్‌లో ఎవరి పని ఏమిటో తెలియకుండా ముప్పై మందిని నడపడం కష్టం. అవకాశం దొరికితే ఒక్క సినిమాకి స్క్రిప్ట్ దశ నుంచి ఫస్ట్ కాపీ (విడుదలకు సిద్ధమైన సినిమా) దాకా ఉండండి. అయిదు సినిమాలకు సగం సగం చేసినదానికన్నా అదే మేలు. సెట్‌లో అందరూ చప్పట్లు కొట్టిన షాట్ ఎడిట్‌లో ఎందుకు ఎగిరిపోయిందో ఎడిటర్ పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

క్లాప్ కొట్టే పని ఇస్తే చేయండి, కానీ కంటిన్యూటీ పని అడిగి తీసుకోండి. ఏ షాట్‌లో చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, గ్లాసులో నీళ్లు ఎంత ఉన్నాయి, ఆర్టిస్ట్ ఏ మాట దగ్గర లేచాడు అని రాసుకునేవాడికి సీన్ ఎలా ముక్కలవుతుందో తనకే తెలియకుండా వంటబడుతుంది.

బత్తా (రోజువారీ ఖర్చులకిచ్చే డబ్బు) మీదే బతకగలమని లెక్క వేసుకోవద్దు. ఎడిటింగ్ చేతిలో ఉంటే అద్దె గడుస్తుంది. పెళ్లి వీడియోల ఎడిటింగ్‌ని చిన్నచూపు చూసేవాళ్లుంటారు. నాలుగు గంటల ఫుటేజీని ఆరు నిమిషాలకు దించి, అమ్మాయి తరఫువాళ్లనీ అబ్బాయి తరఫువాళ్లనీ ఒప్పించినవాడికి క్లయింట్ మీటింగ్ ఏం టెన్షన్ పెడుతుంది?

ఈ దశ దాటారో లేదో చూసుకోండి:
- స్క్రిప్ట్ చదివి ఆర్టిస్టులు, లొకేషన్లు, వస్తువులు, పగలు రాత్రి విడదీసి పట్టిక వేయగలరా?
- ఏదైనా ఒక ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మీద ఎవరి సాయం లేకుండా రఫ్ కట్ (షాట్లని వరసలో పెట్టిన మొదటి కూర్పు) చేయగలరా?
- ఒక కెమెరామన్, ఒక ఎడిటర్, ఒక సౌండ్ మనిషి మీ ఫోన్ ఎత్తుతారా?

## 2. మొదటి యాడ్: క్లయింట్ ఎక్కడ దొరుకుతాడు

పెద్ద బ్రాండ్లు ఏజెన్సీల ద్వారా వెళ్తాయి, ఏజెన్సీ కొత్తవాళ్ల షోరీల్ (చేసిన పనుల్లో మేలైనవి చూపే వీడియో) చూస్తుంది. మీ దగ్గర షోరీల్ లేదు. కాబట్టి బట్టల షోరూమ్, నగల కొట్టు, కోచింగ్ సెంటర్, రియల్ ఎస్టేట్ వెంచర్, స్వీట్ షాప్, పచ్చళ్ల వ్యాపారం, ఇలా యజమాని నేరుగా మాట్లాడే చోటు నుంచి మొదలుపెట్టండి.

ఖాళీ చేతులతో వెళ్లొద్దు. వాళ్ల పాత యాడ్ చూసి, ఒక్క పేజీలో కొత్త ఐడియా రాసుకుని వెళ్లండి. మొదటి సమావేశంలో మీరు మాట్లాడేది తక్కువ, అడిగేది ఎక్కువ ఉండాలి:

- ఇది చూసి జనం ఏం చేయాలి? షాపుకి రావాలా, ఫోన్ చేయాలా, పేరు గుర్తుంటే చాలా?
- కొన్నవాళ్లు మీకు చెప్పే ఫిర్యాదు ఏమిటి? మెచ్చుకునేది ఏమిటి?
- ఎక్కడ వేస్తారు: టీవీ, థియేటర్, ఇన్‌స్టాగ్రామ్, షాపులో స్క్రీన్?
- ఫైనల్‌గా ఓకే చెప్పేది ఎవరు? ఒక్కరి పేరే చెప్పండి.

నాలుగో ప్రశ్న మొహమాటపడకుండా అడగండి. అడగకపోతే షూట్ అయ్యాక బావగారు, అకౌంటెంట్, పక్కషాపు ఆయన అందరూ కరెక్షన్లు చెబుతారు. "మా అబ్బాయిని కూడా ఎక్కడో ఒక చోట పెట్టండి బాబూ" అన్న మాట కూడా ఇక్కడే బయటపడాలి. సెట్‌లో బయటపడితే షాట్ లిస్టు తారుమారవుతుంది.

## 3. ముప్పై సెకన్లని కాగితం మీద కోయడం

ఒక పచ్చళ్ల వ్యాపారి అనుకుందాం. హాస్టల్ కుర్రాడు, అమ్మ ఫోన్, ముద్ద నోట్లో పెట్టగానే కంట్లో నీళ్లు: ఇది అందరూ తీసేశారు. ఫిర్యాదు ఏమిటని అడిగితే ఆయన వేరే సంగతి చెబుతాడు. అమెరికా తీసుకెళ్లేవాళ్లకు సూట్‌కేసులో నూనె కారుతుందన్న భయం, అందుకే తమ ప్యాకింగ్ గట్టిగా ఉంటుందని. యాడ్ అక్కడుంది.

25 ఫ్రేముల లెక్కన 30 సెకన్లంటే 750 ఫ్రేములు. వాటిని ముందే పంచుకోవాలి:

- 0–4 సెకన్లు: హాల్లో బరువు చూసే మెషిన్ మీద సూట్‌కేస్. అంకె 26.6. విమానంలో ఒక్కో పెట్టెకి 23 కిలోలే. మాట అక్కర్లేదు, తల్లి ముఖం చాలు.
- 4–14: ఒక్కొక్కటే బయటికి. జాకెట్, లావు పుస్తకం, బూట్ల జత. అంకె దిగుతూ ఉంటుంది, ఇంకా కొంచెం ఎక్కువే.
- 14–20: తండ్రి చెయ్యి పచ్చడి ప్యాకెట్ వైపు వెళ్తుంది. ఇంట్లో అందరూ ఒకేసారి ఆయన వైపు చూస్తారు. చెయ్యి వెనక్కి. పక్కనున్న దుప్పటి బయటికొస్తుంది. అంకె 23.0.
- 20–25: అమెరికాలో, అక్కడి గదిలో కొడుకు సూట్‌కేస్ తెరుస్తాడు. ప్యాకెట్ కింద తెల్ల చొక్కా. మరక లేదు.
- 25–30: ప్యాక్ షాట్ (సరుకు ప్యాకెట్‌నే చూపే షాట్), పేరు, ఫోన్ నంబర్.

రాశాక స్టాప్‌వాచ్ పెట్టి పైకి చదవండి, ప్రతి చర్యనీ చేసి చూడండి. కాగితం మీద నాలుగు సెకన్లున్నది నిజంగా చేస్తే తొమ్మిది పడుతుంది. వాయిస్ ఓవర్ ఉంటే 24, 25 సెకన్లకే అయిపోవాలి, పేరు వినపడడానికి చోటు కావాలి.

15 సెకన్ల వెర్షన్ కూడా ఇప్పుడే కోసుకోండి: మొదటి మూడు సెకన్లు, తండ్రి చెయ్యి, ప్యాక్ షాట్. తర్వాత చూసుకుందాంలే అనుకుంటే దానికి కావాల్సిన క్లోజప్ ఫుటేజీలో ఉండదు. ఇన్‌స్టాగ్రామ్‌కి 9:16 (నిలువు ఫ్రేము) అడిగితే, 16:9లో (అడ్డంగా) తీసింది రెండువైపులా నరికితే సరిపోదు. పెట్టె, అంకె, ముఖం మూడూ నిలువు ఫ్రేములో పట్టేలా ఆ మూడు షాట్లని విడిగా తీయాలి.

"నంబర్ వన్", "అందరికన్నా మేలైన" లాంటి మాటలకు క్లయింట్ దగ్గర ఆధారం ఉందా అని అడగండి. యాడ్‌ల నియమావళి చూసే ఏఎస్‌సీఐకి ఎవరైనా ఫిర్యాదు చేస్తే రుజువు చూపాల్సి వస్తుంది. ఆధారం లేకపోతే ఆ మాట తీసేస్తే యాడ్‌కి పోయేదేమీ లేదు.

## 4. కొటేషన్

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడ. ఒక్క అంకె చెప్పి చెయ్యి కలిపేస్తారు. దాని బదులు పద్దులు విడగొట్టి రాయండి: మీ ఫీజు, కెమెరా యూనిట్, లైట్లు, లొకేషన్, ఆర్టిస్టులు, మేకప్, ఆర్ట్, వాహనాలు, భోజనాలు, ఎడిట్, డీఐ (రంగులు సరిదిద్దడం), సంగీతం, డబ్బింగ్. మర్చిపోయేవి వేరే ఉంటాయి: బత్తాలు, జనరేటర్ డీజిల్, హార్డ్ డిస్కులు, వాటర్ క్యాన్లు, టైమ్ దాటితే యూనిట్ అడిగే ఒకటిన్నర కాల్‌షీట్ (ఒకటిన్నర షిఫ్టు డబ్బు). మొత్తం మీద 10 శాతం చేతిలో ఉంచుకోండి.

కొటేషన్ కింద ఈ నాలుగు లైన్లూ ఉండాలి:
- సగం అడ్వాన్స్, మిగతాది ఫైనల్ ఫైల్ ఇచ్చే ముందు. అప్పటిదాకా క్లయింట్ చూసేది వాటర్‌మార్క్ ఉన్న కాపీ.
- కరెక్షన్లు రెండు విడతలు. మూడోదానికి రేటు ఇంత.
- స్క్రిప్ట్ ఓకే అయ్యాక కథ మారిస్తే కొత్త కొటేషన్.
- ఈ యాడ్‌ని నా షోరీల్‌లో వాడుకోవడానికి అనుమతి.

చివరి లైన్ ఎందుకంటే, కాపీరైట్ చట్టం ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫిల్మ్‌కి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారు. మీరు తీసిందే అయినా చూపించుకోవడానికి అనుమతి కాగితం మీద ఉండడం మంచిది.

పన్నుల సంగతి: డైరెక్షన్ ఫీజుగా బిల్లు వేస్తే కంపెనీలు మామూలుగా 10 శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) పట్టుకుని ఇస్తాయి. అది పోయిన డబ్బు కాదు, రిటర్న్ వేస్తే లెక్కలోకి వస్తుంది. సర్వీసుల మీద ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. రిజిస్ట్రేషన్ లేకుండా బిల్లులో 18 శాతం వేసి వసూలు చేయకూడదు.

## 5. షూట్ రోజు

లొకేషన్ చూడ్డానికి షూట్ జరిగే టైమ్‌కే వెళ్లండి. ఆదివారం సాయంత్రం ప్రశాంతంగా ఉన్న ఫ్లాట్‌లో సోమవారం పొద్దున బోరు మోటారు, పక్కింటి కుక్కర్ విజిల్, "పాత సామాన్లు కొంటాం" అని రికార్డు వేసుకుంటూ తిరిగే బండి, అన్నీ ఉంటాయి. కిటికీలో ఎండ ఎన్నింటికి పోతుందో, ఎన్ని ప్లగ్ పాయింట్లున్నాయో, లిఫ్ట్‌లో లైట్లు పడతాయో లేదో చూసుకోండి.

పచ్చడి యాడ్‌ని కథ వరసలో తీయొద్దు. ముందు అందరు ఆర్టిస్టులూ ఉన్న వైడ్ షాట్లు, తర్వాత క్లోజప్‌లు, ఆ తర్వాత చేతులు, అంకె, వస్తువులు. "అక్కడి గది" అదే ఫ్లాట్‌లో వేరే బెడ్‌రూమ్. ప్యాక్ షాట్‌ని మాత్రం "మిగిలిన టైమ్‌లో చేద్దాం" అనకండి. క్లయింట్ డబ్బు పెట్టింది దానికే. ఆర్టిస్టుల్ని పంపేశాక రెండు గంటలు దానికోసమే రాసిపెట్టుకోండి. ఒక డజను ప్యాకెట్లు తెప్పించి, లేబుల్ మీద గీత, ముడత లేనివి రెండు పక్కన పెట్టి ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ట్యూబ్‌లైట్ల కింద తీసేటప్పుడు మానిటర్‌లో గీతలు కదిలితే కంగారు వద్దు. మన కరెంటు 50 హెర్ట్జ్. సెకనుకి 25 ఫ్రేములైతే కెమెరా షటర్ 1/50 సెకనుకి పెడితే సరిపోతుంది. 24 ఫ్రేముల్లో తీస్తుంటే షటర్ యాంగిల్ 172.8 డిగ్రీలు పెట్టమనండి, అదీ 1/50కే వస్తుంది. కొన్ని చవక ఎల్‌ఈడీ బల్బులు అప్పటికీ వినవు, వాటిని మార్చేయడమే.

ముందు రాత్రి చూసుకోవాల్సినవి:
- కాల్‌షీట్ (ఎవరు ఎన్నింటికి ఎక్కడికి రావాలో రాసిన కాగితం) అందరికీ వాట్సాప్‌లో వెళ్లిందా? లొకేషన్ పిన్, పార్కింగ్, దగ్గర్లో ఆసుపత్రి అందులో ఉన్నాయా?
- షాట్ లిస్టులో "లేకపోతే యాడ్ లేదు" అన్న షాట్లకు గుర్తు పెట్టారా?
- ఆర్టిస్టుల బట్టలు ఫోటోలో కాదు, చేతిలో ఉన్నాయా?
- కార్డులు కాపీ చేయడానికి రెండు హార్డ్ డిస్కులు, ఆ పని మీదే ఉండే మనిషి?

కాపీ అయ్యాక ఫైళ్లు తెరిచి చూసి, ఆ తర్వాతే కార్డు ఫార్మాట్. రెండు డిస్కులూ ఒకే బ్యాగులో పెట్టి ఒకే బండిలో పంపకండి.

## 6. షార్ట్ ఫిల్మ్: ఏ కథ

యాడ్‌లో మీరు చూపలేనిది ఇక్కడ చూపాలి: ఇద్దరు మనుషుల మధ్య ఏదో మారడం. పన్నెండు నిమిషాల లోపు, ఒకటి రెండు లొకేషన్లు, ఇద్దరు ముగ్గురు మనుషులు. చివర్లో ట్విస్ట్ కోసమే నిలబడిన కథని పక్కన పెట్టండి. ఆ ట్విస్ట్‌కి ముందు ఎనిమిది నిమిషాలు ప్రేక్షకుడు ఎందుకు కూర్చోవాలో జవాబు ఉండదు. ఫీచర్‌కి ట్రైలర్‌లా తీసే డెమో కూడా నాకు నచ్చదు. స్లో మోషన్ నడకలు తప్ప సీన్ ఉండదు.

రాసే వరస: రెండు వాక్యాల్లో కథ, తర్వాత సీన్ ఆర్డర్ (ఏ సీన్ తర్వాత ఏ సీన్), ఆ తర్వాతే డైలాగ్ వెర్షన్. డైలాగ్‌తో మొదలుపెట్టినవాళ్లకి సీన్లు పొడుగవుతాయి. యాస విషయంలో జాగ్రత్త. మీది కాని యాస రాస్తే, ఆ ప్రాంతపు మనిషి చేత పైకి చదివించి, నోరు తిరగని చోటల్లా మార్చండి. నాలుగు క్రియల చివరలు మార్చినంత మాత్రాన అది ఉత్తరాంధ్ర యాస అయిపోదు.

కాపీరైట్ రాసిన క్షణం నుంచే ఉంటుంది. రిజిస్ట్రేషన్ గొడవ వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. రచయితల సంఘంలో గానీ, కాపీరైట్ ఆఫీసులో గానీ పూర్తి స్క్రిప్ట్ నమోదు చేయించండి. ఐడియాకి రక్షణ లేదు, రాసినదానికే ఉంది. కాబట్టి రెండు లైన్లు నమోదు చేసి ధీమాగా ఉండొద్దు.

## 7. నటులు, రిహార్సల్

పరిషత్తు (నాటక పోటీల) నాటకాలు ఆడేవాళ్లని చూడండి. రవీంద్రభారతిలో నాటకం ఉన్న రోజు వెళ్లి కూర్చోండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, తెలుగు విశ్వవిద్యాలయం రంగస్థల శాఖల విద్యార్థులున్నారు. నాటకం నుంచి వచ్చినవాళ్లకి గొంతు చివరి వరసదాకా వెళ్లే అలవాటు ఉంటుంది. "తక్కువ చెయ్యండి" అంటే వాళ్లకి అర్థం కాదు, ఒక్కోసారి మనసు నొచ్చుకుంటుంది కూడా. ఎదుటి నటుణ్ణి అడుగు దూరంలో కూర్చోబెట్టి, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నారని చెప్పండి. గొంతు దానంతటదే దిగుతుంది.

ఒక సీన్ తీసుకుందాం. కూకట్‌పల్లి ఫ్లాట్. తండ్రి స్టూలు మీద నిలబడి సీలింగ్ ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. కూతురు ఉద్యోగం మానేసిన సంగతి చెప్పడానికి వచ్చింది.

"బాధగా చెప్పమ్మా" అంటే ఆమె గొంతులో వణుకు తెచ్చుకుంటుంది, అంతే. చేయడానికి పని ఇవ్వండి. "ఆయన నీ వైపు తిరిగేలోపే చెప్పేసెయ్యాలి" అని ఆమెకి. "స్టూలు కదలకుండా పట్టుకొమ్మని ఆమెను అడుగుతూ ఉండండి" అని ఆయనకి. ఇప్పుడు ఆమె స్టూలు పట్టుకుని, ఆయన పాదాల వైపు చూస్తూ చెప్పాలి. ఆయన చేతిలో గుడ్డ ఆగుతుంది. స్టూలు వదలడం కుదరదు కాబట్టి ఆమె ఎక్కడికీ పోవడానికీ లేదు. మీరు "ఎమోషన్" అన్న మాట వాడకుండానే సీన్ నడుస్తుంది.

దీన్ని ఎలా తీయాలి? ముందు మాస్టర్ షాట్, సీన్ మొత్తం ఒకసారి. తర్వాత ఆయన భుజం మీంచి కిందికి ఆమె మీద సజెషన్ (ఒకరి భుజం మీంచి ఎదుటివాళ్లని చూపే షాట్), ఆమె వైపు నుంచి పైకి కౌంటర్ (దానికి ఎదురు షాట్). ఇద్దరి మధ్య ఊహలో ఒక గీత గీసుకుని కెమెరాని దానికి ఒకే వైపు ఉంచండి. చివరికి గుడ్డ ఆగిన చెయ్యి, స్టూలు పట్టుకున్న వేళ్లు. కెమెరా ఆపాక ఎవరినీ కదలనివ్వకుండా ముప్పై సెకన్లు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ఎడిట్‌లో రెండు మాటల మధ్య ఖాళీ నింపేది అదే.

ఫ్యాను ఆగి ఉండాలి కాబట్టి అందరికీ చెమటలు పడతాయి. మేకప్ మనిషిని ప్రతి టేక్‌కీ ముందు పిలవండి.

తరచూ వచ్చే ఇబ్బందులు:

నటుడు పదో టేక్‌కి చచ్చుబడిపోయాడు. ఇంకో టేక్ వద్దు. చేసే పని మార్చండి, లేదా ఎదుటివాళ్ల క్లోజప్ తీసి మళ్లీ రండి.

సీన్ ఎడిట్‌లో సాగుతోంది. మొదటి రెండు డైలాగులు, చివరి రెండు డైలాగులు తీసేసి చూడండి. చాలాసార్లు సీన్ అసలు అక్కడి నుంచే మొదలవుతుంది.

లైవ్ సౌండ్ పాడైంది. లొకేషన్ వదలకముందే, కెమెరా లేకుండా, అదే గదిలో నటుల చేత అదే డైలాగులు మళ్లీ చెప్పించి రికార్డు చేయండి. నెల తర్వాత డబ్బింగ్ థియేటర్లో అదే ఊపు రాదు.

కెమెరామన్ లైటింగ్‌కి రెండు గంటలు తీసుకుంటున్నాడు. గొడవ పడొద్దు. ఆ రోజు గుర్తు పెట్టిన షాట్లు చూపించి ఏవి వదులుకుందామో ఆయన్నే అడగండి.

## 8. ఎడిట్ టేబుల్ మీద వరస

రఫ్ కట్, ఫైన్ కట్ (చెక్కిన కూర్పు), పిక్చర్ లాక్ (ఇక షాట్లు కదపని కూర్పు). లాక్ అయ్యాకే డబ్బింగ్, ఎఫెక్ట్స్, రీరికార్డింగ్ (నేపథ్య సంగీతం), డీఐ, మిక్సింగ్. లాక్ చేశాక ఒక్క షాట్ జరిపినా సౌండ్ అంతా జరగాలి, సంగీత దర్శకుడి ముందు మాట పడాలి.

రఫ్ కట్‌ని మీ టీమ్‌కి కాదు, కథ తెలియనివాళ్లకి చూపండి. "ఎలా ఉంది?" అని అడిగితే బాగుందనే అంటారు. "ఆ అమ్మాయి ఎందుకు వచ్చింది? నాన్నకి ఎప్పుడు తెలిసింది?" అని అడగండి. జవాబు తప్పైతే ఎక్కడ కోయాలో తెలుస్తుంది.

## 9. అనుమతులు

ఇదంతా షూట్‌కి ముందు చేసుకోవాల్సిందే. అందరూ చివర్లో గుర్తు చేసుకుంటారు కాబట్టి వేరే చెబుతున్నాను.

- ప్రభుత్వ స్థలాలు: రెండు రాష్ట్రాల్లోనూ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్లున్నాయి, అక్కడ అడగండి. చార్మినార్, గోల్కొండ కేంద్ర పురావస్తు శాఖవి. రైల్వే, మెట్రో అనుమతులు వాళ్లవి వాళ్లవే.
- ప్రైవేటు ఇల్లు: యజమాని సంతకం ఒక్క పేజీ. అద్దెకున్నవాళ్లు ఒప్పుకుంటే చాలదు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి ముందే చెప్పండి.
- ఆర్టిస్టులందరి నుంచీ సమ్మతి పత్రం. పిల్లలైతే తల్లిదండ్రుల సంతకం.
- పాట: సీన్‌లో రేడియోలో పది సెకన్లు వినిపించినా హక్కులున్న కంపెనీ అనుమతి కావాలి. "పది సెకన్ల లోపైతే ఫర్వాలేదు" అన్నది చట్టంలో లేదు.
- జంతువులు: షూట్‌కి ముందే యానిమల్ వెల్ఫేర్ బోర్డు అనుమతి. కుక్కపిల్ల కూడా జంతువే.
- డ్రోన్: ఆ చోటు ఏ జోన్‌లో ఉందో ముందు చూసుకోండి. నడిపేవాడి సర్టిఫికెట్ కాపీ అడిగి తీసుకోండి.
- సెన్సార్: థియేటర్లో వేస్తే యాడ్‌కైనా షార్ట్ ఫిల్మ్‌కైనా సర్టిఫికెట్ కావాలి. యూట్యూబ్‌కి అక్కర్లేదు.

## 10. ఎక్కడ చూపాలి, ఏ క్రమంలో

తీసిన మర్నాడే యూట్యూబ్‌లో పెట్టేయకండి. చాలా ఫెస్టివల్స్ ఆన్‌లైన్‌లో వచ్చేసినదాన్ని తీసుకోవు. ముందు ఒక ఏడాది పాటు ఫెస్టివల్స్‌కి ఇవ్వండి: తిరువనంతపురంలో జరిగే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్, రెండేళ్లకోసారి ముంబైలో జరిగే మిఫ్ (ముంబై అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్), గోవాలో ఇఫీ (భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవం). ఇఫీలో 35 ఏళ్లు దాటని వాళ్ల కోసం 2021లో 75 మందితో మొదలైన క్రియేటివ్ మైండ్స్ ఆఫ్ టుమారో కార్యక్రమం ఉంది. గోవాలోనే అదే సమయంలో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ) వాళ్ల ఫిల్మ్ బజార్, ఇప్పుడు వేవ్స్ ఫిల్మ్ బజార్ అన్న పేరుతో, నడుస్తుంది. ఊరూపేరూ లేని ఆన్‌లైన్ ఫెస్టివల్స్‌కి ఎంట్రీ ఫీజులు కట్టి పోస్టర్ నిండా ఫెస్టివల్ గుర్తులుగా వేసే ఆకులు అతికించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు. నిర్మాతలు వాటిని లెక్కచేయరు.

షోరీల్ రెండు ముక్కలుగా పెట్టుకోండి. యాడ్‌ల రీల్ నిమిషంన్నర, మీ బెస్ట్ షాట్ మొదటి అయిదు సెకన్లలో. కథకి మాత్రం రీల్ కాదు, కట్ చేయని ఒక పూర్తి సీన్, రెండు మూడు నిమిషాలు. ముక్కలు ముక్కలుగా అతికిస్తే నటన కనిపించదు. రెండూ ఫోన్‌లో పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోవాలి.

## 11. నెరేషన్

తెలుగులో బౌండెడ్ స్క్రిప్ట్ (పూర్తిగా రాసి కుట్టించిన ప్రతి) ఉన్నా చివరికి నోటితో చెప్పాల్సిందే. మూడు సైజుల్లో సిద్ధంగా ఉండండి. లిఫ్ట్ దగ్గర కనిపిస్తే ఒక నిమిషం. ఆఫీసులో "క్లుప్తంగా చెప్పు" అంటే ఇరవై నిమిషాలు. నచ్చితే రెండు గంటలు, సీన్ సీన్‌గా.

ఇరవై నిమిషాలది అన్నిటికన్నా కష్టం. పాత్రల పరిచయాలతో మొదలుపెట్టి పన్నెండు నిమిషాలు అక్కడే తిరుగుతారు. హీరోకి ఏం కావాలి, ఏది అడ్డం: ఇవి మొదటి మూడు నిమిషాల్లో రావాలి. ఇంటర్వెల్ పదో నిమిషానికి రావాలి. సెకండాఫ్‌ని "ఇంక అక్కడి నుంచి రేసీగా ఉంటుంది సర్" అని దాటేస్తే, సెకండాఫ్ రాయలేదని వాళ్లకి అర్థమైపోతుంది.

"ఇక్కడ బీజీఎం అదిరిపోతుంది సర్", "ఇక్కడ క్లాప్స్ సర్" అనకండి. జరిగేది చెప్పండి, నవ్వాలో లేదో వాళ్లు చూసుకుంటారు. మధ్యలో ఫోన్ వస్తే ఆగండి. మాట్లాడి వచ్చాక ఎక్కడ ఆపారో ఒక్క వాక్యంలో అందించి మళ్లీ ఎత్తుకోండి. ముందుగా స్నేహితుల దగ్గర ఫోన్ మోగిస్తూ ప్రాక్టీస్ చేయొచ్చు, వినడానికి వింతగా ఉన్నా పనికొస్తుంది.

వాళ్లు అడిగేవి దాదాపు ఇవే:
- హీరోగా ఎవరిని అనుకుంటున్నావు? ఒక్క పేరు కాదు, మూడు స్థాయిల్లో మూడు పేర్లు చెప్పండి.
- ఎంతలో అవుతుంది? అంకె కన్నా ముందు రోజులు చెప్పండి: ఎన్ని కాల్‌షీట్లు, ఎన్ని లొకేషన్లు, ఎన్ని రాత్రులు.
- ఇంతకుముందు ఏం చేశావు? మాటలు వద్దు, ఆ సీన్ చూపండి.
- క్లైమాక్స్ మారుస్తావా? వెంటనే "మారుస్తాను సర్" అనొద్దు, "కుదరదు" అనీ అనొద్దు. ఏది మారితే కథ పడిపోతుందో చెప్పి, మిగతాది ఆలోచించుకుని వస్తానని టైమ్ అడగండి.

బయటికి వచ్చిన రోజే ఒక మెయిల్ పెట్టండి: "ఈ రోజు ఫలానా కథ మీకు వినిపించే అవకాశం ఇచ్చినందుకు థాంక్స్, సినాప్సిస్ జత చేశాను." మర్యాదకి మర్యాద, తేదీకి తేదీ. రెండు వారాలకి ఒకసారి మెసేజ్ చాలు. ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చోకుండా తర్వాతి యాడ్ మీద పని చేయండి.

## 12. ఓకే అన్నాక: అగ్రిమెంట్

అడ్వాన్స్ చేతిలో పడగానే సంతోషంలో చదవకుండా సంతకం పెడతారు. ఒక్క రోజు టైమ్ అడిగి లాయర్‌కి చూపండి. ఏ నిర్మాతా దానికి కోపగించుకోడు. కోపగించుకుంటే అదీ మంచిదే, ముందే తెలిసింది.

చూడాల్సినవి:
- కథ హక్కులు, దర్శకత్వం వేర్వేరు క్లాజులుగా, వేర్వేరు మొత్తాలుగా ఉన్నాయా? కలిపేస్తే మిమ్మల్ని పక్కకి పెట్టి కథ ఉంచుకోవచ్చు.
- కాలపరిమితి రాశారా? రాయకపోతే చట్టం ప్రకారం హక్కుల బదిలీ అయిదేళ్లకే, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అందుకే "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అని వాళ్లు తప్పకుండా రాస్తారు. రాస్తే దానికి తగ్గ డబ్బు అడగండి.
- సినిమా మొదలవ్వకపోతే కథ ఎప్పుడు తిరిగొస్తుంది? వేరే మాట లేకపోతే, ఏడాదిలోపు వాడుకోని హక్కు రద్దయినట్టే అని చట్టం. ఒప్పందంలో ఆ రక్షణని తీసేసే లైన్ ఉందేమో వెతకండి.
- డబ్బు వాయిదాలు దేనికి ముడిపెట్టారు? "విడుదల తర్వాత" అన్న వాయిదా చిన్నదిగా ఉండాలి. విడుదల మీ చేతిలో ఉండదు.
- రీమేక్, డబ్బింగ్, సీక్వెల్, వెబ్ సిరీస్ హక్కుల్లో మీ వాటా.
- టైటిల్ కార్డులో పేరు ఎలా పడుతుంది: కథ, మాటలు, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం విడివిడిగా.
- సినిమా అయ్యేదాకా యాడ్‌లు చేయకూడదన్న లైన్ ఉందా? ఉంటే ప్రీ ప్రొడక్షన్ నెలల్లో మినహాయింపు రాయించుకోండి, ఇంటి అద్దె అప్పుడే కష్టమవుతుంది.

ప్రతి పేజీ మీదా ఇద్దరి సంతకాలుండాలి. ఒక ఒరిజినల్ మీ దగ్గర ఉంచుకుని, స్కాన్ కాపీని అదే రోజు మీ మెయిల్‌కి పంపుకోండి.